గళ్ళ చొక్కా వెనక మనిషి

ఇన్ఫాంతా వీధి నడిమధ్యన కారు ఒకసారి దగ్గి, ఇంకోసారి తుమ్మి, ఆగిపోయింది. డ్రైవరు దిగి మూత ఎత్తాడు. లోపలినుంచి బుస్సుమని లేచిన ఆవిరిని చూసి, పాత జబ్బే అన్నట్టు తల పంకించాడు. ఆ కారుకు అతని తండ్రికున్నంత వయసుంది. హవానాలో షేరు కారు ఎక్కేవాళ్ళు ఇలాంటి వాటికి కంగారు పడరు. ఎక్కినవాళ్ళంతా దిగి, వరండా స్తంభాల నీడకు చేరి, ఎవరి విసనకర్ర వాళ్ళు తీశారు.

ఎవెలియోకి మాత్రం లోపల సంబరంగానే ఉంది. కారు ఆగిపోతే ఆయనకది చిన్న పండగ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక పెద్ద హోటల్లో లిఫ్టు నడిపాడు. బతుకంతా పైకీ కిందికీ తిరిగినవాడికి ఒక్కసారి అడ్డంగా తిరగాలన్న కోరిక పుట్టదా మరి. పెన్షను వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే కాఫీ తాగి, ఉన్న ఒక్క మంచి చొక్కా, ఎర్రగళ్ళది, తొడుక్కుని ఊరిమీద పడతాడు. సముద్రాలు దాటి వచ్చి లావుపాటి పుస్తకాలు రాసినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. తీరా చదివితే, సగంమంది చూసింది ఓడ గదీ, భోజనాల బల్లా. ఎవెలియో దూరాభారాలు పోలేదు. బాల్కనీ నుంచి తాడుతో దించిన బుట్టలో బ్రెడ్డుకు బదులు పక్కింటి పిల్లి ఎక్కి కూర్చోవడం, అది పైకి చేరాక ఆ ఇంటావిడ పెట్టిన కేక, అంతే ఆయన యాత్ర. సాయంత్రం స్నేహితులతో డోమినో ఆడే బల్ల దగ్గర అదే తుఫానులో ఓడ మునిగినంత కథ అయ్యేది.

"మీరు గళ్ళ చొక్కా ఆయన కదూ?" అంది పక్క స్తంభానికి ఆనుకున్న ఆవిడ.

నలభై దాటిన మనిషి. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. ఎవెలియో నవ్వబోయాడు. "ఊళ్ళో గళ్ళ చొక్కాలకు కరువా అమ్మా."

"ఎన్నుంటే నాకేం. గాలియానో వీధి క్యూలో నా ముందు నిలబడింది మీరే. మీ పేరు తెలీదు, చొక్కా తెలుసు. నా పేరు ఒడాలిస్."

అప్పుడు చూశాడు ఆవిడ చేతిలో పసుపుపచ్చ సంచిని. నోట్లో నవ్వు అక్కడే ఎండిపోయింది.

ఈ ఊళ్ళో క్యూ అంటే ఒకరి వెనక ఒకరు నిలబడే వరస కాదు. వచ్చినవాడు "చివరెవరు?" అని కేకేస్తాడు, ఎక్కడో నీడలో కూర్చున్న మనిషి "నేను" అని చెయ్యెత్తుతాడు. ఆ మనిషి మొహమో, టోపీయో, చొక్కాయో గుర్తుపెట్టుకుని నువ్వూ పోయి ఎక్కడో కూర్చోవచ్చు. తాడు లేని ముడి అది. పట్టి ఉంచేది మాటొక్కటే. వెళ్ళిపోయేవాడు వెనక మనిషికి చెప్పి పోవాలి. చెప్పకుండా పోతే వాడి చోటు గాల్లో వేలాడుతుంది, దాని వెనక బతుకులన్నీ వేలాడతాయి.

పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఎవెలియో ఎండకు తాళలేక, గాలియానో వీధిలో మూతపడ్డ గుండీల కొట్టు ముందు ఆగాడు. ఆగాడు, అంతే. ఇంతలో పసుపు సంచితో ఒకావిడ వగరుస్తూ వచ్చి "చివరెవరు?" అంది. ఆ ప్రశ్నకు జవాబు ఈ ఊరివాళ్ళ ఎముకల్లో ఉంటుంది, బుర్రదాకా పోనక్కర్లేదు. "నేనే" అన్నాడు. ఏమిస్తున్నారని అడిగింది. "ఇంకా చెప్పలేదమ్మా" అన్నాడు. అందులోనూ అబద్ధం లేదు.

ఆవిడ వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక ఒక కుటుంబం. గుడ్లని ఒకరు, కుక్కరు రబ్బర్లని ఇంకొకరు. లారీ మలుపు తిరగడం కళ్ళారా చూశానని ఒక బట్టతలాయన ఒట్టేశాడు. కాగితం పొట్లాల్లో పల్లీలమ్మేవాడు వాసన పట్టి వచ్చాడు. చివరికి పోలీసు కూడా వచ్చి, దారికి అడ్డంగా ఉన్నారని కసిరి, అందరినీ గోడవారన సర్దాడు. దాంతో ఉత్తుత్తి క్యూకి సర్కారు ముద్ర పడింది. ఎవెలియోకి పొట్టలో నవ్వు ఉడికిపోతోంది. నిజం చెబితే ఆట అప్పుడే ముగిసిపోతుంది. "ఇప్పుడే వస్తా, నా చోటు చూస్తుండమ్మా" అని పసుపు సంచి ఆవిడతో చెప్పి, ఎదుటి వరండాలో స్తంభం చాటుకు పోయి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాడు. బట్టతలాయన ముందుకు దూరబోతే ఆవిడ రెండు చేతులూ చాచి అడ్డుపడటం అక్కడినుంచే చూశాడు. ఆ తరవాత డోమినో ఆటకు వేళయిందని వెళ్ళిపోయాడు.

ఆయన కథలన్నిటిలోకీ ఇదే ఎక్కువ పండింది. నిన్న సాయంత్రం కూడా చెప్పాడు.

"ఇంట్లో అంతా కులాసాయేనా బాబాయ్?" అంది ఒడాలిస్. "మీకేదో ఆపద వచ్చుంటుందని ఎన్నోసార్లు అనుకున్నా. లేకపోతే వస్తానన్న మనిషి ఎందుకు రాడు?"

"కులాసాయేనమ్మా," అన్నాడు.

"చీకటిపడేదాకా మీ చోటు కాపాడాను. ఒక బట్టతలోడు నా చేతిలో తిన్న తిట్లు వాడి పెళ్ళాం కూడా తిట్టుండదు."

తెలుసు అనబోయి, ఎవెలియో పెదవి కొరుక్కున్నాడు. ఏదో ఒకటి అనాలని, "మంచి సంచి," అన్నాడు.

"ఆ రోజూ ఇదే. ఇందులో అప్పుడు నాన్నకి కోడి సూపు ఉంది." సంచిని చేత్తో సవరించింది. "ఆసుపత్రిలో ఉండేవాడు. అటే పోతూ క్యూ చూసి ఆగాను. రెండో చోటు బాబాయ్. పుట్టి బుద్ధెరిగి ఏ క్యూలోనూ రెండో చోటు దొరికిన మనిషిని కాను. వదలబుద్ధి కాలేదు. గుడ్లు దొరికితే పాలతో తీపి చేసి పట్టికెళదామనుకున్నా. నేను పోయేసరికి ఆసుపత్రి గేటు వేసేశారు. ఎంత బతిమాలినా తియ్యలేదు."

"మరి ఆయన?"

"మా అమ్మాయి సూపు తెస్తోంది, నాకీ రొట్టె వద్దని పక్కమంచం ఆయనతో చెప్పి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడట. మర్నాడు పొద్దున్నే పట్టికెళ్ళాను. నాన్నకి గొంతు దిగలేదు. తరవాత కొన్నాళ్ళు ఉన్నాడులెండి. ఆకలి మాత్రం మళ్ళీ వెయ్యలేదు." చాలాసార్లు లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటల్లా వచ్చాయవి. "నాకు నాన్నకంటే గుడ్లెక్కువయ్యాయి. ఎవర్నీ అనను, నా కక్కుర్తే."

డ్రైవరు రేడియేటరులో నీళ్ళు పోస్తున్నాడు. ఇంకాసేపట్లో కారు కదులుతుంది. నోరు మూసుకుంటే ఈవిడ తను దిగే చోట దిగి, ఆ మాట మోసుకుంటూ ఇంటికి పోతుంది. ఆ బరువు ఆవిడది కాదు. ఎవరిదో ఎవెలియోకి తెలుసు.

"అక్కడ గుడ్లు లేవమ్మా," అన్నాడు.

"అయిపోయాయా?"

"అసలేమీ లేదు. ఆ తలుపు వెనక కప్పు కూలి ఏళ్ళయింది. నేను నీడకి నిలబడ్డాను."

"మీరు క్యూలో ఉన్నారుగా."

"నా ముందు ఎవరూ లేరు. నువ్వడిగావు, నేనే అన్నాను."

"పోలీసు వచ్చి సర్దాడు కదా?"

"సర్దాడు."

"పల్లీలు నేను కూడా కొన్నా."

ఉన్నట్టుండి ఆవిడకు నవ్వొచ్చింది. నిజమైన నవ్వే, భుజాలు కదిలేంత. ఎవెలియోకి ప్రాణం లేచొచ్చింది. ఆ నవ్వు కాస్తా దగ్గి, తుమ్మి, కారులాగే ఆగిపోయింది.

"దీన్ని ఎక్కడో చెప్పుకునే ఉంటారు మీరు."

"డోమినో బల్ల దగ్గర."

"అందులో నేనున్నానా?"

"ఉన్నావు."

"నా గొంతు కూడా పెడతారా?"

ఎవెలియో చెప్పులవైపు చూసుకున్నాడు.

"పెట్టండి బాబాయ్, వింటాను. అంతమందిని నవ్వించినవారు నన్నొక్కదాన్ని నవ్వించలేరా. మొదట్నుంచీ చెప్పండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉండుంటే తిట్లు తిని ఊరుకునేవాడు. మొదలుపెట్టాడు. ఎండ చెప్పాడు, కుక్కరు రబ్బర్లు చెప్పాడు, పోలీసు దగ్గర ఎప్పుడూ వాడిలా వేసే అడుగు వెయ్యబోయి మానేశాడు. పసుపు సంచి దగ్గరకొచ్చాడు. అక్కడ రోజూ రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని, "గళ్ళ చొక్కా ఆయన వెనక నేనే, ఆయనొస్తాడు, వచ్చి తీరతాడు" అంటాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పడిపడి నవ్వుతారు. చెయ్యి ముక్కుదాకా లేచింది. అక్కడే ఆగింది. దాంతో మొహం తుడుచుకున్నాడు.

"ఊఁ," అంది ఒడాలిస్. "తరవాత?"

"ఎక్కండెక్కండి," అని డ్రైవరు చేతులు తుడుచుకుంటూ పిలిచాడు. "దీని మనసు మళ్ళీ మారకముందే ఎక్కండి."

అందరూ విసనకర్రలు మడిచి కదిలారు. ఒడాలిస్ వెనక సీట్లో తన చోట కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది. అదే సీటు రెండో చివర ఆయన చోటు అలాగే ఉంది, రెక్సిను మీద ఇందాకటి నొక్కుతో సహా. ఎవెలియో దాన్ని చూశాడు. ఒక మాట చెప్పి పోవాలని ఎముకల్లో ఉంది. ఏ మాటో దొరకలేదు. స్తంభాల మధ్యనుంచి వెనక్కి నడిచాడు.

"ఆ పెద్దాయనేడి?" డ్రైవరు గొంతు వెనకనుంచి వినపడింది. "వస్తాడా, చూద్దామా కాసేపు?"

ఎవెలియో ఒక స్తంభం దాటాడు.

"రాడు," అంది ఒడాలిస్. "పోనివ్వు నాయనా."

కారు తలుపు పడింది. ఎవెలియో వెనక్కి తిరగకుండా నీడలోంచి నడుస్తూ పోయాడు.