చీటీ పెట్టిన ఆట కార్డు

మా ఆవిడ పోయిందని బంధువులందరికీ తమ్ముళ్ళే ఫోన్లు చేశారు. ఒక్క నంబరు మాత్రం వాళ్ళ దగ్గర లేదు. అది డయాలసిస్ సెంటర్లో మా ఆవిడ పక్క మంచం మీద ఉండే ఆమెది. ఊరు పెద్దారవీడు దగ్గర పల్లె. ఆమెకు నేనే చేశాను. "మొన్న బాగనే మాట్లాడింది గదన్నా," అంది. అవునమ్మా అన్నాను. ఫోన్ ముందు ఎవరు పెట్టేశారో గుర్తులేదు.

మార్కాపురంలో మాది స్టీలు సామాన్ల దుకాణం. మా ఆవిడను ఎరిగిన వాళ్ళలో చాలామందికి గల్లా దగ్గర కూర్చున్న మనిషిగానే గుర్తు. నేను చెప్పేది కిడ్నీలు పాడైన తర్వాతి రెండేళ్ళ సంగతి. వారానికి మూడు రోజులు, పూటకు నాలుగు గంటలు ఆమె డయాలసిస్ మంచం మీదే ఉండేది. ఫోన్ చేతిలో ఉంటే బంధువుల పరామర్శలు ఆగవు. అందుకని చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్ ఒకటి తెప్పించాను. దానికి పొలం సాగు చేసుకునే ఆట ఒకటి చూశాం.

కొనే దగ్గర మాట తేడా వచ్చింది. నేను డిజిటల్ అన్నాను, అంటే నెట్‌లోంచి దించుకోవడం. గంటలో మిషన్లోకి దిగుతుంది, పోగొట్టుకునేది ఏమీ ఉండదు. ఆమె మిషన్లో దూర్చే ఆట కార్డే కావాలంది. గోరంత కార్డు, మంచం కింద పడితే ఎవరు వెతుకుతారని అడిగాను.

"డిజిటల్‌ది ఎవరికన్నా ఇయ్యాలంటే ఎట్ల ఇస్తారు? మిషనే ఇయ్యాల."

ఎవరికి ఇస్తావని అడిగాను. అది తర్వాత సంగతి, ఇవ్వగలమా లేదా అన్నదే తను అడిగేదంది. దుకాణంలో ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి. చేతికి అందనిది ఆమెకు సరుకు కాదు.

కార్డు నాలుగు రోజులకు కొరియర్‌లో వచ్చింది. కొత్త తక్కెడకు పెట్టినట్టే దానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మిషన్లో పెడితే కార్డు లేదంది మిషన్. కళ్ళజోడు గుడ్డతో రెండుసార్లు తుడిచాను. డిజిటల్ అయితే ఈ బాధ లేదు కదా అన్నాను.

"దానికి పసుపు యాడ పెట్టాల? మీ నెత్తినా?" అంది.

మూడోసారి తుడిచాక ఆట మొదలైంది. కార్డు అంచున పసుపు మాత్రం పోలేదు.

ఆమె ఎడమచేతికి సూదులు ఉండేవి, కదపకూడదు. ఆ మిషన్‌కు రెండు చేతులు కావాలి. ఎడమవైపు మీట మనిషిని నడిపిస్తుంది, కుడివైపు బటన్లు పని చేయిస్తాయి. అందుకని ఎడమవైపు నేను పట్టుకునేవాణ్ణి. నడక నాది, పని ఆమెది. మొదట్లో చాలా తిట్లు తిన్నాను. నీళ్ళు పోయమంటే మొక్కలు దాటి పోతున్నానని, చేను మధ్య నిలబడి దిక్కులు చూస్తున్నానని. నెల తిరిగేసరికి చెప్పించుకోకుండానే నడిపించడం వచ్చింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతసేపు ఆనుకుని కూర్చున్నది అక్కడే.

ఆ ఆటలో మనిషిని ఇంట్లో పడుకోబెడితేనే ఆ రోజు చేసిన పని నిలుస్తుంది. మధ్యలో ఆపితే పని పోయి మళ్ళీ ఆ రోజు పొద్దే వస్తుంది. నర్సమ్మ సూదులు తీయడానికి వస్తే మా ఆవిడ, "ఒక్క నిమిషం తల్లీ, పడుకోబెట్టి వస్తా," అనేది. నర్సమ్మ ఆగేది.

పక్క మంచం ఆమె మెడ తిప్పి అంతా చూసేది. వాళ్ళు గొర్రెలు కాచేవాళ్ళు. ఆటలో మాకు ఆరు గొర్రెలు ఉండేవి. "అక్కా, వాన పడుతుంటే జీవాలను బయట ఇడిసినావేంది?" అని కేక వేసేది. మా ఆవిడ వెంటనే దొడ్లోకి తోలించేది. పక్క మంచం ఆమె తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. తన పాత మిషన్ అక్కకు పంపిస్తానన్నాడు. "నీ మిషన్ రానీ, ఈ కార్డు నీకే," అంది మా ఆవిడ. మరి మనకో అని తర్వాత అడిగాను. నవ్వింది.

ఆ మిషన్ రాకముందే మా ఆవిడ పోయింది.

కర్మలు అయిన వారానికి పక్క మంచం ఆమె ఫోన్ చేసింది. వేళకు తింటున్నానా అని అడిగింది. చివర్లో, తమ్ముడి మిషన్ వచ్చిందని, అందులో ఆటలేమీ లేవని, కొన్నవన్నీ అతని అకౌంట్లోనే ఉండిపోయాయని చెప్పింది. కార్డు మాట ఎత్తలేదు. నేనే, కార్డు కనపడలేదమ్మా, వెతుకుతానన్నాను. అది నా చొక్కా జేబులోనే ఉంది. ఆట కార్డులో ఉంటే ఆడిందంతా అందులోనే ఉంటుందని నేను అనుకున్నాను. ఆ చేను, ఇల్లు, ఆరు గొర్రెలు. అవి ఇవ్వడానికి నాకు చేతకాలేదు.

రెండు రోజులకు, జేబులో అరిగిపోతుందని కార్డును దాని డబ్బాలో పెట్టబోయాను. లోపల మా దుకాణం చీటీ ఉంది. పెళ్ళిళ్ళ సామాన్లు ఎంచుకున్నవాళ్ళు ముహూర్తం ముందు తీసుకుపోతామంటే, పేరు రాసి చీటీ కట్టి లోపలి అరలో పెడతాం. ఆ తర్వాత ఎవరు అడిగినా ఇవ్వం. చీటీ పడినాక అది మన సరుకు కాదనేది మా ఆవిడ. ఈ చీటీ మీద కూడా ఆమె రాతే. "పెద్దారవీడు చెల్లెలిది."

మర్నాడు సెంటర్‌కు వెళ్ళాను. మా మంచం మీద ఎవరో పెద్దాయన ఉన్నాడు. పక్క మంచం ఆమెకు డబ్బా ఇచ్చి, నా దగ్గరే ఉండిందమ్మా, అబద్ధం చెప్పానన్నాను. ఆమె డబ్బా తెరిచింది. కార్డు తన మిషన్లో పెట్టింది. తెర వెలిగింది. కొత్త పేరు అడిగింది. చేను లేదు, ఇల్లు లేదు, గొర్రెలు లేవు.

"ఏమైనాయి?" అన్నాను.

"అక్కవి అక్క మిషన్లోనే ఉంటాయన్నా. కార్డు ఉత్త తాళంచెయ్యి అన్నాడు మా తమ్ముడు. ఆ మిషన్లో ఆటను డిజిటల్లో కొనుక్కుంటే మళ్ళ తెరుచుకుంటాయంట." నా మొహం చూసి ఆగింది. "అన్నీ దీంట్లో ఉన్నాయనుకొనే ఇచ్చినావా అన్నా?"

తల ఊపాను. ఆమె కాసేపు మిషన్ వైపు చూడలేదు.

ఆమెకూ ఎడమచేతికే సూదులు. ఇంటాయన జీవాల వెంట పోయినాడంది. స్టూలు జరుపుకుని ఎడమవైపు పట్టుకున్నాను. నర్సమ్మ వచ్చేదాకా నడిపించాను. ఆమె పనికి కొత్త, నేను నడకకు పాత.

ఇంటికి వచ్చి ఆటను డిజిటల్లో కొన్నాను. మొదట నేను అడిగింది అదే. గంట కూడా పట్టలేదు. తెరిస్తే అంతా ఉంది. చివరిసారి మా ఆవిడ పడుకోబెట్టిన ఆటలో మనిషి మంచం దిగి నిలబడింది. తెల్లవారింది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చాక మిషన్ తెరుస్తాను. ఎడమ బొటనవేలితో ఆమెను తలుపు దాటించి, దొడ్డి పక్కగా నడిపించి, మొక్కల ముందు నిలబెడతాను. చేతిలో నీళ్ళ డబ్బా ఉంటుంది. కుడివైపు బటన్ నొక్కితే నీళ్ళు పడతాయి. నా కుడిచెయ్యి ఖాళీగానే ఉంటుంది. నొక్కను. కాసేపు చూసి, పడుకోబెట్టకుండానే ఆపేస్తాను. మర్నాడు తెరిస్తే మళ్ళీ అదే పొద్దు. ఆమె అప్పుడే మంచం దిగి, నేను నడిపిస్తానని నిలబడి ఉంటుంది.