ఈదమ్మ వేలిముద్ర

శామీర్‌పేటలో దేవేందర్‌ది చిన్న గది, పెద్ద గొప్ప. చెత్త ఎత్తే కూలీల హాజరు కోసం కాంట్రాక్టరు కొన్న వేలిముద్ర మిషన్లు అరచేతిలో ఇమిడిపోతాయి, లినక్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. వాటిలో ప్రోగ్రాం రాసిందీ, చెడితే బాగుచేసేదీ అతనే.

జవహర్‌నగర్‌లో మిషన్ రెండు రోజులుగా కూలీలందరిలో ఒక్క ఈదమ్మ వేలినే కాదంటోంది. మూడో రోజూ కాదంటే పేరు కొట్టేస్తానన్నాడు సూపర్‌వైజర్ రవీందర్. ఆ పని పోతే అరవై దగ్గరపడ్డ మనిషిని ఇంకెవరు పిలుస్తారు? చూడ్డానికొచ్చిన దేవేందర్ ఆమె చెయ్యి తిప్పి, అందరి ముందూ నవ్వాడు.

"వేళ్లకు మురికి పేరుకపోయింది అవ్వా. గట్టిగ రుద్దుకొని రా. గీతలు కనవడాలె."

మధ్యాహ్నం గదిలో మిషన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, అది రాసిపెట్టుకున్న లాగ్ చదివాక అతని నవ్వు ఆరిపోయింది. రవీందర్ మొదటి జట్టు హాజరు తీసి, మిషన్‌ను నిద్రపుచ్చి చాయ్‌కి పోతాడు. కీసర బస్సు దిగొచ్చే ఈదమ్మే ఆ తర్వాత వేలు పెట్టే మొదటి మనిషి. తెర మేలుకుంటుంది కానీ, వేలు పెట్టే అద్దానికి కరెంటు తిరిగి అందదు. మూడుసార్లు వేలు కలవకపోతే ఆ రోజుకు ఆమె పేరు మూతపడుతుంది. రవీందర్ విసుక్కుని మిషన్ ఆపి మళ్లీ వేస్తే, వెనకవాళ్లందరికీ చక్కగా పనిచేస్తుంది. ఏ లోపానికైనా 'వేలు సరిపోలేదు' అని ఒకే మాట చూపేలా రాసిన బద్ధకం మాత్రం అచ్చంగా దేవేందర్‌దే.

మేలుకోగానే అద్దానికి కరెంటు అందేలా ప్రోగ్రాం సరిచేశాడు. పదిసార్లు నిద్రపుచ్చి లేపాడు. పదిసార్లూ తన వేలిని గుర్తుపట్టింది.

మర్నాడు పొద్దున తనే వెళ్లి ఈదమ్మను పిలిచాడు. అద్దం వెలిగింది. వేలు సరిపోలేదు. మూడుసార్ల కట్టుబాటు తీసేసి, నమోదైన పది వేళ్లూ పెట్టించాడు. ఒక్కటీ కలవలేదు. చెయ్యి తిప్పి చూస్తే వేళ్ల చర్మం గీతలతో సహా లేచిపోయి ఎర్రగా ఉంది.

"ఏందవ్వా గిది?"

"నువ్వే జెప్తివి గద సారూ. ఇటుక పొడితోని రుద్దిన. ఏ వేలు అడుగుతదోనని పదింటినీ రుద్దిన."

రవీందర్ దగ్గరికొచ్చాడు. "మిషన్ల ఏమన్న లోపమున్నదా దేవేందర్? ఉంటె చెప్పు, ఈమె పేరు కొట్టేసుడు ఆపుత."

నిన్నటిదాకా ఉండేదని ఒక్క మాటంటే చాలు. కానీ అంటే మిషన్లన్నీ వెనక్కొస్తాయి, తన పేరు పోతుంది.

"లేదన్నా. మిషన్ మంచిగనే ఉన్నది."

రవీందర్ ఆమె పేరు కొట్టేశాడు. ఈదమ్మ మండుతున్న ఆ చేతులనే జోడించింది.

"నువ్వు జెప్పినవ్ సారూ," అంది. "నాకే సక్కగ రుద్దనీకి రాలే."