కోటమ్మత్త బొటనవేలు

మొన్న బ్యాంకులో నా సంతకం వణికిపోయిందని గుమాస్తా పిల్లవాడు సిరా అద్దిన డబ్బీ నా ముందుకు జరిపి, వేలిముద్ర వేయమన్నాడు. మూత తీయగానే ఆ ఊదారంగు సిరా వాసన ముక్కుకు తగిలింది. అంతే, చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎంతసేపైనా సరే సంతకమే పెడతానని మొండికేసి, వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా సణుగుతున్నా నిదానంగా ఒక్కో అక్షరం రాసి మరీ వచ్చాను. ముసలాడికి చాదస్తం అనుకుని ఉంటాడు. అనుకోనీ. వాడు మా కోటమ్మత్తను చూడలేదు కదా!

మాది రాచర్ల దగ్గర ఒక పల్లె. అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఊరి చివర రోడ్డు పక్కన మా ఎరుకల గుడిసెలు పద్నాలుగు. ఇంట్లో మా భాష, గడప దాటితే తెలుగు. ఈత బరికెలతో బుట్టలల్లి గిద్దలూరు, బేస్తవారిపేట తీసుకుపోయి అమ్ముకునేవాళ్ళం. పుట్టుకతోనే దొంగలని తెల్లవాడు మా కులం మీద ఒక చట్టం పెట్టిపోయాడు. దాని ప్రకారం ఎదిగిన మగవాళ్ళందరం, మగదిక్కు లేని ఇంటినుంచి ఆడవాళ్ళు, రోజూ దీపాలు పెట్టేవేళకు మునసబు అరుగు ముందు నిలబడి, హాజరు పుస్తకంలో బొటనవేలు ముద్ర వేయాలి. ముద్ర పడ్డాక తెల్లారేదాకా పొలిమేర దాటకూడదు, దాటితే ఎక్కడికని మునసబుకు చెప్పుకోవాలి. స్వతంత్రం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మా ఊళ్ళో హాజరు మాత్రం నడుస్తూనే ఉంది.

కోటమ్మత్తది మా పక్క గుడిసె, నాకు వరసకు అత్త. మొగుడు పోయిన నెలలోనే మునసబు ఆయన పేరు కొట్టేసి ఈమె పేరు రాసుకున్నాడు. అక్షరం ముక్క రాదు కానీ, నోరు తెరిస్తే రోడ్డు మీద బండ్లు ఆగేవి. ఎప్పుడో బరికెలు చీలుస్తుంటే కత్తి జారి ఆమె కుడి బొటనవేలు అడ్డంగా తెగింది. ఆ మచ్చ చివరిదాకా పోలేదు.

నాకు ఇరవయ్యేళ్ళప్పుడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా గుడిసెల్లో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. చావడి గోడకు అంటించిన ఓటర్ల జాబితా పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. మా పేరు ఒక్కటీ లేదు. అడగబోతే, మీరు దేశదిమ్మరులు, మీకు ఊరేమిటి, ఓటేమిటి అన్నాడు మునసబు. ఎన్నికలు కాగానే ఆ గుడిసెలు కూడా పీకించి రోడ్డు పక్క జాగా ఖాళీ చేయిస్తానన్నాడు. ఓటు సంగతి దేవుడెరుగు, నిలువ నీడ పోతుందని మా అమ్మ ఆ రోజంతా ఏడ్చింది.

మా బుట్టలు కొనే గిద్దలూరు దుకాణం సాయిబు రెండు సంగతులు చెప్పాడు. హాజరు చట్టం ఎప్పుడో రద్దయిందట. జాబితాలో పేరు లేనివాళ్ళు పది రోజుల్లో గిద్దలూరులో జరిగే విచారణకు వచ్చి అడగవచ్చట. నా రక్తం ఉడికిపోయింది. రేపటినుంచి హాజరుకు పోయేదే లేదని కుర్రవాళ్ళమంతా ఒట్టు పెట్టుకున్నాం. కోటమ్మత్త ఒప్పుకోలేదు.

"ఒక్క పూట తప్పినా మీ తోలు తీస్తా. విచారణ దాకా అందురూ పోవాల. వేలు బాగా అదిమి పెట్టండి, గీతలు తెలిసేటట్ల."

నీకు ఊడిగం అలవాటైపోయింది అత్తా అన్నాను. ఎంత మాటన్నానో! ఆమె చేతిలో ఉన్న బరికె నా మొహాన విసిరికొట్టి, మళ్ళీ అల్లుకుంటూ కూర్చుంది. ఆ పది రోజులూ మేము ఆమెతో మాట్లాడలేదు, కానీ ఎదురు చెప్పే ధైర్యమూ లేక హాజరుకు పోయాం.

విచారణకు నేనొక అర్జీ రాసుకున్నాను. దారిలో అత్త చదివి వినిపించమంది. తమ పాదాలు, తమ దయ అని నాలుగు మాటలు వినగానే లాక్కుని చింపేసింది. ఇంకేముంది, మునిగిపోయామనుకున్నాను. మునసబు ఊరి కాగితాల కట్టలన్నీ బండిలో వేసుకుని దర్జాగా వచ్చాడు. వీళ్ళు ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట, ఏ ఊరివాళ్ళూ కాదని అధికారికి చెప్పాడు. అధికారి తలూపి కలం పట్టుకున్నాడు. అప్పుడు ముందుకు వచ్చింది మా అత్త. మునసబుగారి హాజరు పుస్తకాలు తెప్పించమంది. దానికీ దీనికీ ఏమిటి సంబంధమని మునసబు అడ్డం పడ్డా అధికారి వినలేదు. బండిలోంచి పుస్తకాలు దించారు. ఆమె ఒక్కో పేజీ తిప్పి, అడ్డంగా తెగిన ముద్ర మీద వేలు పెట్టి చూపించింది. పక్కనే తన బొటనవేలు చాపింది.

"ఈ తెగిన గీత నాది దొరా. యాడ తిప్పినా ఉంటాది. మేము ఊరోళ్ళం కాకపోతే, ఇన్నేండ్లు దినామూ ఈయన అరుగు కాడ నిలబడింది ఎవురు?"

పుస్తకం నిజమంటే మునసబు మాట అబద్ధం, పుస్తకమే అబద్ధమంటే ఆయన ఉద్యోగానికే ముప్పు. ముందురోజు పేజీలో మా పద్నాలుగు గుడిసెల ముద్రలూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. అది చూసి అధికారి, ఏ చట్టం కింద ఇంకా ఈ హాజరు తీసుకుంటున్నారని మునసబునే అడిగాడు. ఆ చలికాలంలో ఆయన కండువాతో చెమట తుడుచుకోవడం నా కళ్ళారా చూశాను. మా పేర్లన్నీ జాబితాలో రాశారు. అందరి తరఫునా ఒకరు ముద్ర వేయాలంటే, అలవాటు కొద్దీ నేను బొటనవేలు చాపాను. అత్త ఆ చేతి మీద ఛెళ్ళున ఒకటి వేసి, చదువుకున్నోడివి రాయరా అంది. నా జీవితంలో అది మొదటి సంతకం.

ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఎవరూ చెప్పకుండానే మా కాళ్ళు మునసబు అరుగు వైపు తిరిగాయి. తెలిసి ఆగిపోయాం. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. గుడిసెలకు పోయి కూర్చోవడానికీ మనసు రావడం లేదు.

"ఊరు మనదని రాసినారు గదా," అంది కోటమ్మత్త. "ఇంగ ఊరు దాటి పోదాం పాండి."

పిల్లలతో సహా అందరం ఆమె వెనక నడిచాం. మునసబు అరుగు ముందునుంచే, తలెత్తుకుని, పొలిమేర దాటి చాలా దూరం పోయాం. ఒక్క పనీ లేదు, ఎక్కడికీ కాదు. నవ్వుకుంటూ, కేకలు వేసుకుంటూ మాకు తోచినప్పుడు తిరిగొచ్చాం. అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను.

అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పటికీ ఆ వేళకు నేను ఇంట్లో ఉండను. మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఎక్కడికి ఈ నడక అని మా ఆవిడ రోజూ తిడుతుంది. కర్ర పట్టుకుని పొలిమేర దాటి నాలుగడుగులు వేస్తాను. ఎక్కడికని ఆమె తప్ప నన్నెవరూ అడగరు.