జనవరి మాత్రమే తెలిసిన ఊరు

ఒడీలక్క మా మేడగదిలో తొమ్మిదేళ్లపాటు తన ముసలితనానికి రిహార్సల్ వేసుకుంది. అందరికీ ముసలితనం చెప్పకుండా వస్తుంది. ఆమె మాత్రం యాభై నాలుగో ఏటి నుంచే ఏడాదికో నెల, అదీ జనవరిలో, సముద్రాలు దాటి వచ్చి దాన్ని ఒంటికి తొడుక్కుని చూసుకునేది. కొత్త చొక్కా భుజాల దగ్గర సరిపోయిందో లేదో అద్దంలో చూసుకున్నట్టు.

కంపోట్ నది ఒడ్డున మాది కొయ్య ఇల్లు. కింద నా భర్త వుత్థీ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. పైన ఒకే గది, నది వైపుకి వరండా. మొదటిసారి గది చూడటానికి వచ్చినప్పుడు ఆమె లోపలికి తొంగి కూడా చూడలేదు. నేరుగా వరండాలోకి వెళ్లి, రెండు చేతులూ పిట్టగోడ మీద ఆనించి నదిని చూస్తూ ఉండిపోయింది.

"ఎన్ని రోజులుంటారు?" అన్నాను.

"నెల. కానీ వచ్చిపోయేవాళ్లకి చెప్పే ధర చెప్పకండి. ఇరవై ఏళ్లుండే మనిషికి ఎంత చెబుతారో అంత చెప్పండి."

"ఇరవై ఏళ్లుంటారా?"

"ఉంటాను. ఇప్పుడు కాదు. ఇది రిహార్సల్."

ఆమెది ఫ్రాన్సు దేశపు పడమటి కొసన ఉన్న బ్రెస్ట్ అనే రేవు. అక్కడి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. పెళ్లి చేసుకోలేదు, తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది. తల్లి పోయిన ఏడాది కూర్చుని తనకు రాబోయే పింఛను ఎంతో లెక్కవేసుకుందట. "ఆ డబ్బుతో అక్కడైతే కిటికీలోంచి బయటికి చూస్తూ బతకొచ్చు. ఇక్కడైతే బయటే కూర్చోవచ్చు" అని చెప్పింది నాతో.

అందుకని ప్రతి జనవరీ, అరవై మూడో ఏట తన చేతికి రాబోయే పింఛను ఎంతో అంతే డబ్బు ఒక బిస్కెట్ల డబ్బాలో వేసుకుని వచ్చేది. అద్దె, పొద్దున నూడుల్స్ పులుసు, ఐసు కాఫీ, బజారు, కరెంటు, అన్నీ అందులోంచే. ఆదివారానికి ఒక్క మామిడిపండు. ఒక ఏడాది కుచ్చుల ఉయ్యాల మీద మనసుపడి కొనేసింది. నెలాఖరు నాలుగు రోజులూ గంజి తాగింది. నేను చేపల పులుసు పైకి తీసుకెళ్తే ముట్టలేదు.

"వద్దు మాలిస్ గారూ. పరీక్షలో కాపీ కొట్టినట్టవుతుంది."

వుత్థీ కిందినుంచి అరిచాడు. "అక్కా, ఆ పరీక్ష పెడుతున్నదెవరు?"

"నేనే."

"మాస్టారు మీరే అయినప్పుడు ఒక్క నిమిషం అటు తిరిగి నిలబడండి. ఈలోగా మీరే తినెయ్యండి!"

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది కానీ తినలేదు.

మా భాష ఆమెకు ఏడాదికి గుప్పెడు మాటలు చొప్పున వచ్చింది. నేర్పిన టీచరు ఎవరో మర్యాద మాటలే నేర్పినట్టున్నారు. మెట్ల మీద పడుకున్న మా కుక్కను కూడా "తమరు కొంచెం పక్కకు జరుగుతారా?" అని అడిగేది. కుక్క జరిగేది కూడా. మేం అరిస్తే మాత్రం చెవి కూడా కదిపేది కాదు.

చివరికి పింఛను చేతికొచ్చే ఆ ఏడాది వచ్చింది. రెండు పెట్టెలతో దిగింది. జనవరి నెల నునుపుగా జారిపోయింది. ఎన్నోసార్లు ఉతికిన బట్టలాగా ఆ నెల ఆమె ఒంటికి అలవాటైపోయి ఉంది. ఎప్పుడూ నెల దాటగానే విమానం కోసం రాజధాని ఫ్నోం పెన్ వెళ్లే బస్సు ఎక్కేది. ఆ పొద్దున కూడా బూట్లు తొడుక్కుని దిగి, ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.

"ఎక్కడికక్కా?"

బూట్ల వైపు చూసుకుని చెప్పింది. "ఎక్కడికీ లేదు. కాళ్లకి చెప్పడం మర్చిపోయాను."

ఆమె వేసుకున్న లెక్క ఒకటే. జనవరిని పన్నెండుతో హెచ్చవేసింది. తొమ్మిదిసార్లు సరిచూసుకున్న లెక్క కదా, తప్పుతుందని ఆమె అనుకోలేదు. మాకూ తట్టలేదు. ఉన్న ఊళ్లో మార్చి నెల కూడా ఉంటుందని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

మార్చి వచ్చింది. నది మీద గాలి ఆగిపోయింది. నది అవతలి కొండ పొగలో కరిగినట్టయి, మధ్యాహ్నాలు కదలకుండా నిలబడ్డాయి. ఫ్యాను రాత్రీ పగలూ తిరిగింది. కరెంటు బిల్లు చూసి మీటరు పాడైందనుకుంది. వుత్థీని దాని ముందు కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. అతను అరగంట చూసి, "మీటరు ఆరోగ్యంగా ఉందక్కా, మనమే ఉడికిపోతున్నాం" అని తేల్చాడు.

ఏప్రిల్లో మా కొత్త సంవత్సరానికి వీధి వీధంతా సొంతూళ్లకి వెళ్లిపోయింది. బజారు మూతబడింది. ఆమె ఇంట్లో ఏమీ కొనిపెట్టుకోలేదు. పండుగకి మేమూ మా అత్తగారి ఊరు వెళ్లాం. వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది, చుట్టూ మామిడిపళ్లు. ఏ ఊరూ వెళ్లని పక్కింటి సరీన్ పిన్ని, పళ్లమ్ముకునే ఆవిడ, తట్ట తెచ్చి ఆమె ముందు దింపి పోయిందట. డబ్బు ఇవ్వబోతే కసిరిందట. "డబ్బేంటి నీ మొహం! చెట్టు కింద నడిస్తే జారిపడుతున్నాం. తీసుకుని పుణ్యం కట్టుకో."

"జనవరిలో ఒక్కో పండూ లెక్కపెట్టి అమ్మింది ఈమేనా?" అని అడిగింది ఒడీలక్క నన్ను. మోచేతుల దాకా రసం. ఆమె కళ్లు నిద్రలేచీ లేవని పిల్ల కళ్లలా ఉన్నాయి. ఎక్కడికి వచ్చిపడ్డానో అని పోల్చుకుంటున్నట్టు.

తరవాత దురియన్ కాలం. ఆ ముళ్లపండు పేరు చెబితేనే ముక్కు మూసుకునే మనిషి, మే నెలలో ఒక తొన సరీన్ పిన్ని పోరు పడలేక నోట్లో వేసుకుంది. అంతే. బిస్కెట్ల డబ్బాకి చిల్లు పడింది. సాయంత్రాలు మా కంట పడకుండా పండు కండువా కింద దాచే కొత్తకోడలిలా గుడ్డ కప్పి పైకి తీసుకెళ్లేది. ఆ వాసనను దాచడం ఎవరి తరం? కింద ఇంజన్ విప్పుతూ వుత్థీ తల ఎత్తకుండానే అనేవాడు, "అక్క ఇంటికొచ్చింది."

జూన్ తిరిగేసరికి వానలు కమ్ముకున్నాయి. కొండ మాయమైంది. అవతలి ఒడ్డు మాయమైంది. బూట్ల మీద పచ్చగా బూజు పట్టింది. ఆరవేసిన జాకెట్టు మూడో రోజుకి కూడా ఆరలేదు. ఏడాది పొడుగునా కురిసే తన ఊరి వాన నుంచి పారిపోయి వచ్చిన మనిషి కదా, విసుక్కుంటుందనుకున్నాను. కానీ ఉయ్యాల వరండా చూరు దాకా జరుపుకుని గంటలు గంటలు చూస్తూ ఉండేది. "మా వాన పక్కనుంచి కొడుతుంది. తిట్టే మనిషిలాగా. ఇది నిలువునా, వెచ్చగా... ఏదో చెబుతూ ఉంటే నిద్ర వచ్చేస్తుంది" అంది.

ఆగస్టులో పన్ను నొప్పి మొదలైంది. దవడ గుమ్మడికాయలా వాచింది. ఊళ్లో డాక్టరు చూసి ఫ్నోం పెన్ పొమ్మన్నాడు. ఆమె దగ్గర పడవ బొమ్మ ఉన్న చిన్న డబ్బా ఇంకొకటి ఉండేది. ఎప్పుడైనా వెనక్కి వెళ్లాల్సి వస్తే విమానం టిక్కెట్టుకని అందులో డబ్బు దాచుకుంది. పన్ను అందులో సగం మింగేసింది.

తిరిగొచ్చిన సాయంత్రం నేను జావ తీసుకుని పైకి వెళ్తే మంచం మీద పెట్టె తెరిచి ఉంది. లోపల ఏమీ సర్దలేదు. దాని పక్కన కూర్చుని ఉంది.

"లెక్క తప్పింది మాలిస్" అంది. గారూ అనలేదు, మొదటిసారి.

"తప్పడానికేముంది? పన్ను పీకించుకున్నారు. అందరం పీకించుకుంటాం."

"జనవరిలో నా పళ్లు ఎప్పుడూ నొప్పెట్టలేదు. ఫ్యాను అంత తిరగలేదు. ఇప్పుడు వెనక్కి పోవాలన్నా డబ్బు చాలదు."

"పోవాలనుందా?"

వాన వైపు చూసింది. "అది కాదు. పోగలను అనుకుంటూ ఉండటం వేరు. పోలేక ఉండటం వేరు. మనిషి అదే కుర్చీలో అలాగే కూర్చుని ఉంటుంది, కానీ వేరు."

 జావ చల్లారేదాకా పక్కన కూర్చున్నాను. 

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఎండ పొడగట్టింది. ఆమె నదిలోకి దిగింది. జనవరుల్లో రోజూ ఈదేది, ఈ వానల్లో దిగడం మానేసింది. నేను బియ్యం ఏరుతుంటే పెద్ద కేక వినపడింది. పాము కరిచిందేమోనని పరుగెత్తాను. మెడలోతు నీళ్లలో నిలబడి దోసిలి ఎత్తి పట్టుకుని ఉంది.

"మాలిస్! నదికి ఏమైంది? ఉప్పు లేదు!"

"వానాకాలం కదక్కా. కొండనీళ్లు దిగి సముద్రాన్ని వెనక్కి నెట్టేశాయి. ఎప్పుడూ ఇంతే."

"నేను తొమ్మిదేళ్లు ఈదాను. ఉప్పగా ఉండేది!"

"తొమ్మిదేళ్లూ జనవరేగా."

ఆ దోసిలి తాగేసింది. ఇంకొకటి తాగింది. "కడుపు నొప్పి వస్తుంది, చాలు!" అని నేను మొత్తుకుంటున్నా వినలేదు. నీళ్లు గోధుమరంగులో మెల్లగా ఆమె చుట్టూ తిరిగి పోతున్నాయి, గుర్రపుడెక్క ఆకులు తేలిపోతున్నాయి. ఆమె ముఖంలో భయం లేదు, దిగులు లేదు. ఎన్నాళ్లుగానో పరిచయం ఉన్న మనిషికి ఇంకో పేరుందని అప్పుడే తెలిసినట్టు, అలా చూస్తూ నిలబడింది. పెట్టె మరుసటి రోజు మంచం కిందికి పోయింది.

ఆ నెలలోనే ప్చుమ్ బెన్, పోయిన పెద్దల పండుగ, వచ్చింది. పోయినవాళ్లు ఆ పదిహేను రోజులూ గుడి తరవాత గుడి తిరుగుతూ తమవాళ్లు పెట్టిన అన్నం కోసం వెతుక్కుంటారు. క్యారేజీలు కడుగుతూ నేను మాటవరసకు అన్నాను, "మీవాళ్లెవరైనా ఉంటే పేరు రాయించండక్కా. భిక్షువు చదువుతారు."

"మా అమ్మ ఉంది. కానీ ఆమెకి ఇంత దూరం దారి తెలీదు. బ్రెస్ట్ దాటి రెండేసార్లు వెళ్లింది. రెండుసార్లూ బస్సులో కడుపులో తిప్పింది."

"పోయినాక కడుపు తిప్పదు లేవే, రాయించు" అంది సరీన్ పిన్ని.

"భాష రాదు కదా, పిలిస్తే ఎలా తెలుస్తుంది పాపం?" అన్నాడు వుత్థీ.

"నీకు ఇంజన్ తప్ప ఏం తెలుసురా! అన్నం వాసనకి భాష ఎందుకు?"

ఒడీలక్క రెండు రోజులు ఆలోచించింది. ఆ తరవాత బజారుకి వెళ్లి డబ్బా వెన్న కొనుక్కొచ్చింది, దాని ధర గురించి ఒక్క మాట అనకుండా. వాళ్లమ్మ చేసే అట్లకి కావలసిన పిండి ఇక్కడ దొరకదు. బియ్యప్పిండితోనే పల్చగా పోసి, ఉప్పు వెన్న రాసి, మడిచి క్యారేజీలో పేర్చింది. ఈ ఖర్చు ఏ పద్దు కింద రాయాలని అడిగితే, "చేపల కింద రాసెయ్యండి, చేపలు ఏమీ అనుకోవు" అన్నాడు మా ఆయన.

గుడిలో తెల్లజాకెట్టు వేసుకుని కాళ్లు ఒక పక్కకి మడుచుకుని మాతోపాటు కూర్చుంది. భిక్షువు వరసగా పేర్లు చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగారు. కళ్లద్దాలు సర్దుకున్నారు. "సో... సోయ్... చిక్" అన్నారు. వాళ్లమ్మ పేరు సోజిక్. ఒడీలక్కకి నవ్వు ఆగలేదు, నోటికి కండువా అడ్డం పెట్టుకుంది. చూస్తుండగానే ఆ నవ్వు ఏడుపైపోయింది. సరీన్ పిన్ని ఒకవైపు, నేనొకవైపు చెరో భుజం పట్టుకున్నాం. బయట వాన మళ్లీ మొదలై, గుడి కప్పు మీద చప్పుడు చేస్తూ ఉంది.

ఇంటికి నడుస్తూ అంది. "బతికుండగా నన్ను ఎక్కడికీ పోనివ్వలేదు. చూడు, ఇప్పుడు తనే రావలసి వచ్చింది."

అదంతా జరిగి ఆరేళ్లయింది. ఆమె హెచ్చవేతలు మానేసింది. మామిళ్లు ఊరికే దొరికే ఏప్రిల్లో మిగిలింది దురియన్ కోసం దాస్తుంది. మార్చిలో గది వదిలేసి కింద మా ఇంజన్ల మధ్యే ఉయ్యాల కట్టుకుని పడుకుంటుంది, ఫ్యాను ఖర్చు తప్పుతుందని. ఏటా ఒకసారి పింఛను కోసం తాను బతికే ఉన్నానని రుజువు చూపించడానికి ఫ్నోం పెన్ వెళ్లి, నాకు వెన్న బిస్కెట్లు తెస్తుంది. పడవ బొమ్మ డబ్బా మళ్లీ నిండిందో లేదో నేను అడగను, ఆమె చెప్పదు. మొన్న ఆమె దేశం నుంచే ఒక జంట వచ్చి, ఇక్కడ స్థిరపడదామనుకుంటున్నాం, నెలకు ఎంతవుతుందని అడిగారు. "ఏ నెలకు?" అని అడిగిందట. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారని చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది.

ఈ వారం మాత్రం వీధిలో ఎవరికీ తీరిక లేదు. సరీన్ పిన్ని పెద్దకూతురి పెళ్లి. ఊరేగింపులో పళ్ల తట్ట పట్టుకునే ఆడవాళ్లలో ఒడీలక్క కూడా ఉండాలని పిన్ని పట్టుపట్టింది. పట్టుబట్ట అద్దెకు తెచ్చుకోవాలా, కుట్టించుకోవాలా అని పొద్దుటినుంచీ వాదన. ఒడీలక్క అద్దె చాలంటుంది. పిన్ని ఒప్పుకోదు.

"నా ఇంకో కూతురి పెళ్లికి ఏం కట్టుకుంటావ్ మరి? అప్పుడూ అద్దేనా?"

"ఆమెకు పద్నాలుగేళ్లు కదా పిన్నీ!"

"అయితే? అప్పటికి ఎక్కడికి పోతావ్?"

 ఒడీలక్క నది వైపు ఒకసారి చూసి, బట్ట కొలత పట్టమని రెండు చేతులూ చాచి నా ముందు నిలబడింది.