తెల్లబడిన పెదవి

స్పిరిట్ దూది వాసన తగిలితే చాలామందికి ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్ నగరంలోని రిక్కార్టన్ అనే పేటలో ఒక చిన్న క్లినిక్, అక్కడ సింక్ దగ్గర నిలబడి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ మాట్లాడే వైదేహి మేడమ్ గుర్తొస్తారు. ఈ ఉదయం ఒకరి చెంప తుడుస్తుంటే మళ్లీ ఆవిడే గుర్తొచ్చారు.

ఆవిడది అనంతపురం. అక్కడ పన్నెండేళ్లు చర్మవ్యాధుల డాక్టరుగా పనిచేసి క్రైస్ట్‌చర్చ్ వచ్చారు. ఇక్కడ ఆ అనుభవం ఒక్కటే సరిపోలేదు. మళ్లీ పరీక్షలు రాశారు. తనకన్నా చిన్నవాళ్ల కింద ఆసుపత్రిలో పనిచేశారు. ఆ తర్వాత ముఖానికి చేసే ఇంజెక్షన్లలో విడిగా శిక్షణ తీసుకున్నారు. ఎవరైనా జాలిపడితే, ముక్కూమొహం తెలియని డాక్టరుకు నా ముఖం నేనైనా అప్పగించను కదా, వీళ్లూ అంతే అనేవారు.

నేను ఇక్కడే నర్సింగ్ చదివి, రిజిస్ట్రేషన్ వచ్చాక రెండేళ్లు వార్డులో పనిచేసి ఆవిడ దగ్గర చేరాను. సూది పట్టడంలో నాకు మంచి పేరు. పసిపిల్లల నరం కూడా ఒక్కసారికే దొరికేది. అయినా ఎనిమిది నెలలు గడిచినా ఆవిడ నన్ను ఒక్క ఫిల్లర్ కూడా చేయనివ్వలేదు. ఫిల్లరంటే పెదవులో చెంపలో నిండుగా కనబడటానికి చర్మం కింద ఎక్కించే జెల్. నా చేత ముఖంలోని రక్తనాళాల బొమ్మలు గీయించేవారు, పక్కన నిలబడి చూడమనేవారు. నాకు చిన్నతనంగా ఉండేది.

ఆ రోజుల్లోనే నా ఫ్లాట్‌మేట్ శ్రావణికి పెదవులకు ఫిల్లర్ చేయించుకోవాలని పట్టుకుంది. నువ్వే చేయకూడదా అంది. సరే అన్నాను. శనివారం ఇంట్లోనే అనుకున్నాం. తీరా శుక్రవారం రోస్టర్ మారి నాకు మర్నాడు డ్యూటీ పడింది. నన్ను ఆపింది బుద్ధి కాదు, రోస్టర్. శ్రావణి ఆగలేక, రెండు రోజుల కోర్సు చేసి ఇంట్లోనే ఇంజెక్షన్లు ఇస్తున్న ఒకావిడ దగ్గరికి వెళ్లింది.

శనివారం మధ్యాహ్నం ఏడుస్తూ ఫోన్ చేసింది. పై పెదవి ఒక పక్క తెల్లబడిందట, నొప్పి భరించలేకుండా ఉందట. చేసినావిడ ఐస్ పెట్టుకో, రేపటికి తగ్గుతుంది అందట. శ్రావణి పంపిన ఫొటో మేడమ్‌కి చూపించాను.

"ఐస్ తీసేయమను. ఉన్నఫళంగా ఇక్కడికి రమ్మను," అన్నారు.

శ్రావణి వచ్చాక మేడమ్ ఆ పెదవిని వేలితో నొక్కి వదిలారు. ఎరుపు తిరిగి రాలేదు. జెల్ రక్తనాళానికి అడ్డుపడిందని, ఆలస్యమైతే అక్కడి చర్మం చచ్చిపోతుందని దాచకుండా చెప్పారు. జెల్‌ను కరిగించే మందు ఇచ్చి, మర్దన చేసి, ఆగి చూసి, మళ్లీ ఇచ్చారు. మూడో విడతకు గానీ పెదవికి రంగు రాలేదు. అప్పటిదాకా శ్రావణి నా చెయ్యి వదల్లేదు. ఏ చేత్తో ఆమెకు సూది వేద్దామనుకున్నానో అదే చెయ్యి.

ఆమె వెళ్లాక మేడమ్‌తో అంతా చెప్పేశాను. ఆవిడ గ్లవ్స్ తీస్తూ విన్నారు.

"నువ్వే చేసింటే, పెదవి తెల్లబడినాక ఏం చెప్పేదానివి?"

"ఐస్ పెట్టుకోమనేదాన్ని, మేడమ్."

"సూది గుచ్చేది ఎవరికైనా వస్తుందమ్మా. తప్పు జరిగింది అని ఆ నిమిషంలోనే కనుక్కునేదానికే ఈ చదువంతా."

నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. నా ఎనిమిది నెలల శిక్షణకు ఇంకో ఆరు నెలలు కలిపారు. ఆ సూది వేసినావిడ మీద ఫిర్యాదు రాయడానికి శ్రావణి పక్కన కూర్చుని సాయం చేశారు. శ్రావణి పెదవి మీద మచ్చ పడలేదు. నేను చేసి ఉంటే నేనూ ఐస్ పెట్టుకోమనేదాన్నే అన్న సంగతి ఆమెకు చెప్పడానికి మాత్రం నాకు చాలా రోజులు పట్టింది.

మేడమ్ రిటైరై రెండేళ్లయింది. పోయిన వారం యూనివర్సిటీలో చదివే ఒక తెలుగమ్మాయి ఫిల్లర్ చేయించుకుందామని నా దగ్గరికి వచ్చింది. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, "ఏమనుకోవద్దక్కా, మీరిది ఎక్కడ నేర్చుకున్నారు?" అంది. నేను శిక్షణ వివరాలు చెప్పి, నర్సుల రిజిస్టర్‌లో నా పేరు ఎలా వెతకాలో చూపించాను. మీ వల్ల ఎప్పుడైనా తప్పు జరిగిందా అని కూడా అడిగింది. జరగబోయిందని, శ్రావణి సంగతి మొదటి నుంచి చెప్పాను.

ఆలోచించుకుని వస్తానని వెళ్లింది. ఇంకా రాలేదు. రాకపోయినా ఫర్వాలేదు. ఇంకెక్కడికి వెళ్లినా, కుర్చీలో కూర్చునే ముందు ఆ రెండు ప్రశ్నలూ అడుగుతుంది.