నాలుగు రోజుల్లో చెవి పరీక్ష

తొమ్మిదో తరగతిలో బడి వదిలేసి, సిరిసిల్లలో బాపు పక్కన సాంచాలు నడిపాను. మేం మరమగ్గాన్ని సాంచా అంటాం, నాన్నను బాపు అంటాం. ఇరవై మూడేళ్లకు విమానం నడపాలన్న పిచ్చి పట్టింది. ఖర్చు తనదని మస్కట్‌లో ఉన్న అన్న మాటిచ్చాడు. సొంత సరదాకు నడిపే లైసెన్సుకు సర్కారు అడిగేది పెద్దగా ఏం లేదు. పదో తరగతి పాసవ్వాలి, ఇంగ్లిషులో రేడియో మాట్లాడాలి, గాలీ మబ్బూ దారీ మీద పరీక్షలు రాయాలి. నలభై గంటలు ఎగరాలి, అందులో పది గంటలు పక్కన ఎవడూ లేకుండా. వీటన్నిటికంటే ముందు డాక్టరు పరీక్ష. ఓపెన్ స్కూల్లో పది గట్టెక్కాను. హైదరాబాదులో డాక్టరు తారీఖు ఇచ్చాడు. ఇంకా నాలుగు రోజులున్నాయి.

మా షెడ్డులో పదహారు సాంచాలు ఒకేసారి కొట్టుకుంటాయి. నోటితో పిలిస్తే ఎవడికీ వినపడదు. అందుకని పిలవాలంటే కొట్టాల్సిందే. దూరంగా ఉన్నవాడి మీదికి నూలు చుట్టిన కండె విసరాలి, దగ్గరున్నవాడి వీపు చరచాలి. కొత్తవాడు మొదటి వారం ఏడుస్తాడు, రెండో వారం తిరిగి విసురుతాడు.

ఆ రోజు రేడియో పుస్తకం సాంచా మీద పెట్టుకుని చదువుతున్నాను. పోగులు తెగాయి, చూడలేదు. మూరెడు బట్ట పాడైంది. బాపు రెండు కండెలు విసిరాడు. రెండూ తగిలాయి, నేను పేజీ తిప్పాను. మూడోసారి చెయ్యే వచ్చింది. అరచేయి నిండుగా ఎడమ చెవి మీద పడింది. లోపల ఏదో టప్పున పగిలి, పదహారు సాంచాల చప్పుడూ కుడివైపుకు వెళ్లిపోయింది. మెడ మీదికి వెచ్చగా నెత్తురు కారింది.

నేనూ బుద్ధిమంతుణ్ణి కాను. బాపు చొక్కా గల్లా పట్టి గోడకేసి గుద్దాను. ఆయన మూతి పగిలి ముందు పన్ను ఊడింది. మోకాలితో నా పొట్టలో పొడిచాడు. సాంచాలు ఆపి మమ్మల్ని విడదీసేసరికి తెల్ల బట్ట మీద ఏ నెత్తురు ఎవరిదో తెలియకుండా ఉంది.

ఎవరూ రమ్మనకపోయినా, వాచిన మూతితో బాపు హైదరాబాదు వచ్చాడు. డాక్టరు నా కళ్లు, గుండె చూసి మెచ్చుకున్నాడు. చెవిలోకి లైటు వేసి ఆగిపోయాడు.

"కర్ణభేరికి చిల్లు పడింది. ఎట్ల?"

"రేడియో జర గట్టిగ మోగింది సార్" అన్నాను.

ఏళ్ల తరబడి చప్పుడులో చెవులు మందగించిన బాపు, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. "నేనే కొట్టిన సార్. పోరడు ఫెయిలైండా?"

"ఇప్పుడైతే పాస్ చెయ్యలేను. మూడు నెలలు చప్పుడుకు దూరంగా ఉంచండి. చిల్లు పూడితే మళ్లీ రమ్మనండి."

తిరిగి వస్తుంటే బస్సు సిద్దిపేట దాటింది. బాపు నా భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు.

"మూడు నెలలు షెడ్డు దిక్కు వచ్చినవంటే కాళ్లు ఇరగ్గొడ్త."

"కాళ్లు గూడ సూస్తరు బాపు."

"చేతులు?"

"అవి గూడ."

బాపు నన్ను తల నుంచి కాళ్లదాకా ఓసారి చూశాడు.

"మరి నిన్ను ఏడ కొట్టాలెరా" అన్నాడు.