దొరల గట్టు మీద నాన్నతో ఒక సాయంత్రం

మా నాన్న విశాఖలో ఓడరేవు పక్కనున్న పాతపట్నంలో పుట్టాడు. ఆయన తాత హాంకాంగ్ నుంచి ఓడలో వచ్చి, ఇక్కడ బూట్లు కుట్టుకుని బతికిన చీనా మనిషి. గుండె ఆపరేషన్‌కు రోజు ఖాయమయ్యాక నాన్న ఒకటే అడిగాడు: "ముందు వైజాగ్ తీసుకెళ్లు." హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగాం.

స్టేషన్ బయట పాతపట్నానికి నూటయాభై అడిగాడు ఆటో అతను. నాది అమ్మ పోలిక కావడంతో నావైపే తిరిగి, "మేడమ్, సారుది ఏ దేశం?" అన్నాడు. నాన్నే అందుకున్నాడు. "ఈ ఊరే బావా. నాను పుట్టింది పాత పోస్టాఫీసు ఎనకాల." "ఏటి, మనలాగే మాటాడతన్నారు!" అంటూ అతను దారంతా అద్దంలో నాన్ననే చూశాడు.

సందుల్లోకి నడిచే వెళ్లాలి. ముత్తాత కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. నాన్న గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగిచూశాడు. పక్కన అత్తరు అమ్మే కరీం గారు, నాన్న ఈడువారే, బయటికొచ్చి తేరిపార చూశారు. "బూట్ల తాత మనవడివి కాదేటి?" ఇద్దరూ పట్టుకున్న చేతులు వదల్లేదు. అప్పట్లో దొరల బంగళాలన్నీ వాల్తేరు గట్టు మీదే. అక్కడ ముత్తాతకు బూట్ల పని దొరికింది గానీ ఉండడానికి గది దొరకలేదట. కరీం గారి తాతే ఈ సందులో ఇల్లిచ్చాడు. "అద్దె మాట తరవాత, ముందు పొయ్యి ఎలిగించండి అన్నాడంట మా తాత," అని నవ్వారు కరీం గారు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే చేపల పులుసుతో భోంచేశాం.

సాయంత్రం నాన్న ఆ గట్టుకే, ఇప్పటి వాల్తేరు అప్‌ల్యాండ్స్‌కు పోదామన్నాడు. పైన రోడ్డు పక్క చిన్న గోడ మీద కూర్చున్నాక చెప్పాడు. హాంకాంగ్‌లో పెద్ద కొండ మీద చీనావాళ్లు కాపురం ఉండకూడదని ఆంగ్లేయులు చట్టం చేశారు, నౌకర్లకు తప్ప. ముత్తాత దొరల్ని కుర్చీలో మోసుకుంటూ పైకెక్కేవాడు. వాళ్లను ఇంటి దగ్గర దించి తాను కిందికి వచ్చేసేవాడు. "ఒక్కనాడూ అక్కడ ఊరికే కూసోలేదంట మా తాత."

చీకటి పడింది. దూరంగా ఓడల దీపాలు వెలిగాయి. "చలిగాలి నాన్నా, దిగుదామా?" అన్నాను.

"ఉండమ్మా. మనల్ని దిగమనీవోడు ఎవడున్నాడు?"

ఆపరేషన్ అయి నెల దాటింది. నాన్న మెల్లగా తిరుగుతున్నాడు, కరీం గారితో రోజూ ఫోన్లో కబుర్లు. మనిషి ఎక్కడ ఉండాలో ముఖం చూసి తేల్చిన చట్టం పోయింది. పొయ్యి వెలిగించుకోమన్న మాట మాత్రం మా రెండిళ్లలోనూ మిగిలింది. మీరు వెళ్తే, పాతపట్నానికి ద్వారకా నగర్ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులుంటాయి, పొద్దున్నే వెళ్లండి. వాల్తేరుకు మాత్రం రానూపోనూ ఆటో మాట్లాడుకోకండి. పైన ఎంతసేపు కూర్చోవాలనిపిస్తుందో ముందే చెప్పలేం.